గడ్డిసారు నేరం

పోయిన నెల పామిడి బస్టాండులో ఒక ముసలామె నన్ను చూసి నిలబడిపోయింది. తలమీది గంప దించి కింద పెట్టి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, సంతలో గొర్రెను చూసినట్టు పరీక్షగా చూసింది. తర్వాత దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“గడ్డిసారూ, బతికే ఉండావా నాయనా” అంది. “నువ్వు పోయినావని చెప్పిరే మాకు. ఎవురో గిట్టనోళ్ళు పుట్టించినట్లుండాది.”

ఆ విధంగా, ఒకాయన చనిపోయిన సంగతి, ఆయన చనిపోలేదని సంబరపడుతున్న మనిషి ద్వారా నాకు తెలిసింది.

నేను గడ్డిసారును కానని చెప్పడానికి కొంచెం ఆలస్యం చేశాను. ఆమె నా చెయ్యి వదిలేదాకా ఆగాను. అట్లా ఎవరూ నా చెయ్యి పట్టుకుని చాలా కాలమైంది. విషయం తెలిశాక ఆమె ఇంకోసారి చూసి, తన చూపును తానే తిట్టుకుని, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. మరి నువ్వెవరని అడగలేదు. ఆ గడ్డిసారు పక్కనే, అదే ఆఫీసులో, ఏళ్ళ తరబడి కూర్చున్నవాణ్ణని చెప్పుకునే అవకాశం రాలేదు. బస్సు వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది. చచ్చిపోయిన మనిషి మీద అసూయ పడటం ఎంతవరకు సబబో ఆలోచిస్తూ ఊరు చేరాను.

ఆయన్ని అసలు పేరుతో పిలిచినవి రెండే: జీతాల బిల్లు, ఛార్జిషీటు. మిగతా లోకానికంతా గడ్డిసారు. ఎప్పుడు చూసినా నోట్లో ఒక గడ్డిపరక ఉండేది. అందరూ చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటారు, ఆయన పరకలు పెట్టుకునేవాడు. పెన్ను నాది వాడేవాడు. ఉద్యోగి గడ్డి తిన్నాడంటే మనవాళ్ళు వేరే అర్థం తీస్తారు. మా మండలాఫీసులో ఆ పని అక్షరాలా చేసినవాడు ఆయనొక్కడే. వేరే అర్థంలో చేయనివాడూ దాదాపు ఆయనొక్కడే.

పొడుగు మనిషి. కూర్చుంటే మోకాళ్ళు టేబులుకు తగిలేవి. నవ్వితే శబ్దం వచ్చేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి. టీ వస్తే సాసర్లో సగం పోసి ఎదుటివాడి వైపు నెట్టేవాడు. ఆ ఎదుటివాడు ఎమ్మార్వో అయినా, పింఛను కోసం వచ్చిన ముసలివాడైనా ఆయనకు తేడా లేదు. ఎవరేమడిగినా ముందు ఇచ్చేసేవాడు. గొడుగు, సైకిలు, ఒకసారి కూర్చున్న కుర్చీ. తిరిగి రాదేమోనని నేను అంటే ఆయన దగ్గర ఒకటే జవాబు.

“యాడికి పోతాది లేప్పా.”

నాకు కష్టం కలిగించింది ఆ మాట కాదు. ఆ గొడుగు నిజంగానే తిరిగి వచ్చేది. సైకిలు వచ్చేది, గాలి కొట్టించుకుని మరీ. నేను జీవితంలో ఒక్కసారి ఒకడికి గొడుగు ఇచ్చాను. అది ముదిగుబ్బ దిక్కున ఎక్కడో ఇప్పటికీ ఎవరికో నీడ ఇస్తూ ఉండాలి.

ఆఫీసులో నా టేబులు గుమ్మానికి ఎదురుగా ఉండేది, ఆయనది మూలకు, బీరువా చాటున. లోపలికి వచ్చినవాళ్ళకు ముందు కనపడేది నేనే. వాళ్ళు నా మీదుగా చూసేవాళ్ళు, గాజు తలుపులోంచి చూసినట్టు. “ఆయప్ప లేడా?” అనేవాళ్ళు. పనేమిటో చెబితే నేను చేసిపెడతానని అనేవాణ్ణి. కానీలే సార్, ఆయప్ప వచ్చినాక మాట్లాడతాం అని బయట వేపచెట్టు కిందికి పోయి కూర్చునేవాళ్ళు. ఆయనకు తెలియని నిబంధనలు నాకు తెలుసు. ఆయన వాటిని నన్నడిగి, వాళ్ళకు చెప్పేవాడు. వాళ్ళు ఆయనకు దండం పెట్టి పోయేవాళ్ళు.

నేను అనంతపురంలో లా చదివినవాణ్ణి. నల్లకోటు కూడా కుట్టించాను. కక్షిదారు తన కాగితాలు తెచ్చి మన చేతిలో పెట్టాలంటే మన మొహంలో ఏదో ఒకటి ఉండాలట. అది నాకు లేదని తేలడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మా సీనియరు కోసం వచ్చినవాళ్ళు నన్ను చూసి, బయటికి తీసిన కాగితాలు మళ్ళీ సంచిలో పెట్టుకునేవాళ్ళు. కోటు మడిచిపెట్టి, పరీక్ష రాసి, గుమాస్తానయ్యాను.

ఇంట్లోనూ అదే తీరు. నా భార్య పుట్టింటికి పోతూ ఇంటి తాళంచెవి గడ్డిసారు ఇంట్లో ఇచ్చి పోయింది. నేను ఊళ్ళోనే ఉన్నాను. ఆ సంగతి ఆమెకు గుర్తు చేశాను. నీకిస్తే యాడో పారేస్తావు, సాయంత్రం వాళ్ళింటికి పోయి తీసుకో అంది. ఆమె వచ్చేదాకా రోజూ పొద్దున నా తాళంచెవి ఆయనకు అప్పజెప్పి ఆఫీసుకు పోయేవాణ్ణి, సాయంత్రం అడిగి తెచ్చుకునేవాణ్ణి. ఇదేం విడ్డూరమని ఆయన ఒక్కరోజు కూడా అనలేదు. సాసర్లో టీ పోసి నెట్టేవాడు. అనుంటే బాగుండేది.

తొంభైల చివర్లో వానలు మా జిల్లాను ఎగ్గొట్టిన ఒక సంవత్సరం, ఎద్దులు సంతల్లో కోళ్ళ ధరకు పోతుంటే, మా మండలంలో సర్కారు గడ్డి డిపో తెరిచింది. కాలవ నీళ్ళు పారే ఊళ్ళ నుంచి లారీల్లో వరిగడ్డి వస్తుంది. కార్డు ఉన్న రైతుకు, పశువుల లెక్కన, చేతిలో డబ్బు పెడితే తక్కువ ధరకు అమ్మాలి. పాత గోదాము ఒకటి దానికి చూశారు. డిపో బాధ్యుడిగా ఆర్డరు నా పేరుతో వచ్చింది.

నేను చదివిన చదువు నాకు పనికివచ్చిన సందర్భం అదొక్కటే. ప్రభుత్వ సొమ్ము కాజేయడమంటే బీరువా తెరిచి కట్టలు సంచిలో వేసుకోవడమని జనం అనుకుంటారు. చట్టం అంత ఆర్భాటం కోరదు. నువ్వు ప్రభుత్వోద్యోగివై ఉండాలి. ఆ హోదాలో ఏదో ఒక సొత్తు నీకు అప్పగించి ఉండాలి. దుడ్లే కానక్కర లేదు, గడ్డయినా చాలు. దాన్ని చెప్పిన దారిలో కాకుండా వేరే దారి పట్టించి, నీకో ఇంకొకరికో దక్కకూడని లాభం దక్కించాలి. నీ ఇంటికి మోసుకుపోనక్కర లేదు. నాలుగు నెలల్లో తెచ్చి పెట్టేస్తానన్నా కుదరదు, ఆ నాలుగు నెలలు చాలు నేరానికి. ఈ మొత్తం మేడకు పునాది మాత్రం ఒకటే: ముందు ఎవరో నిన్ను నమ్మి అప్పగించాలి. అప్పగింత లేనిచోట నమ్మకద్రోహం లేదు.

కాలేజీలో ఆ సెక్షను చదివినప్పుడు నాకు నిశ్చింతగా ఉండేది. నన్నెవరూ ఏదీ నమ్మి ఇవ్వరు కాబట్టి ఆ నేరం నాకు అందుబాటులో లేదు. అటువంటిది, ఉన్నట్టుండి సాక్షాత్తూ ప్రభుత్వమే నన్ను నమ్మింది. నాకు వెంటనే నడుంనొప్పి వచ్చింది.

ఎమ్మార్వో మంచివాడు, బదిలీ మీద ఉన్నవాడు. ఎవరు చూస్తే ఏముంది, పని జరిగితే చాలు అన్నాడు. ఆర్డరు మార్చి రాయడం ఆయనకు బద్ధకం. నేను మూల టేబులు దగ్గరికి వెళ్ళి గోదాము తాళంచెవి సాసరు పక్కన పెట్టాను. గడ్డిసారు పరక నోట్లో ఇటు నుంచి అటు మార్చుకుని, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. నడుం జాగ్రత్తప్పా అన్నాడు, అంతే.

డిపోలో ఆయన పని తీరు చూడటానికి నేను అప్పుడప్పుడు వెళ్ళేవాణ్ణి. కాటా ఒకటి ఉండేది కానీ ఆయన చూపు దాని మీద ఉండేది కాదు. ముందు ఎద్దు దగ్గరికి పోయి డొక్క మీద అరచెయ్యి పెట్టి నొక్కేవాడు. ఎంత లోతుకు పోయిందో దాన్నిబట్టి ఎన్ని మోపులో చెప్పేవాడు. తర్వాత ఎద్దు యోగక్షేమం అడిగేవాడు, ఆ తర్వాత మనిషి యోగక్షేమం. ప్రతి లోడులోంచీ ఒక పరక లాగి నమిలి చూసేవాడు. బూజు పట్టిన గడ్డి అయితే ఊసి, లారీవాడితో కొట్లాడేవాడు. ఆ జిల్లాలో సర్కారు సరుకును నోటితో తనిఖీ చేసిన అధికారి ఇంకొకడు ఉన్నాడని నేననుకోను.

గొడవల్లా డబ్బు తేనివాళ్ళతో వచ్చింది. ఆ ఎండలకు డబ్బు ఉన్నవాళ్ళే తక్కువ.

మా సీమలో మేతకు ఒక మర్యాద ఉంది. గడ్డివామి ఉన్నవాడు లేనివాడికి గడ్డి చేబదులిస్తాడు. వానలు పడి పంట చేతికి వచ్చాక, తీసుకున్నవాడు వేరుశనగ కట్టె తెచ్చి అతని దొడ్లో వేస్తాడు. కట్టె అంటే కాయలు తెంపుకున్నాక మిగిలే ఎండు తీగ. పశువుకు వరిగడ్డికన్నా అదే బలం. కాగితం ఉండదు, సాక్షి ఉండడు. ఎద్దును చూపించి మేత అడిగినవాడికి లేదని చెబితే, ఆ ఇంటికి పిల్లనివ్వడానికి కూడా జనం వెనకా ముందూ ఆడతారు. గడ్డిసారు సర్కారు డిపోను ఆ మర్యాద ప్రకారం నడిపాడు.

నేను హెచ్చరించలేదనకూడదు. ఇది సర్కారు గడ్డి, అప్పుగా ఇవ్వడానికి నీకు హక్కు లేదని చెప్పాను. సెక్షను నంబరు కూడా చెప్పాను.

“సర్కారుకు ఎద్దులు లేవు గదప్పా” అన్నాడు. “అది తినేది లేదు, పెట్టేది లేదు. పంటొచ్చినాక కట్టె వేస్తారు.”

ఎవరికెంత ఇచ్చావో రాసుకుంటున్నావా అని అడిగాను.

“ఏంటికి? తీసుకున్నోళ్ళు మర్చిపోరు గదా.”

వానలు ఆలస్యంగా వచ్చినా గట్టిగా వచ్చాయి. డిపో మూశారు. వచ్చిన గడ్డికీ అమ్మిన గడ్డికీ మధ్య పెద్ద తేడా ఉంది. దాన్ని తరుగు కింద చూపించమని నేనే సలహా ఇచ్చాను. గడ్డి వానకు కుళ్ళుతుంది, గాలికి పోతుంది, చెదలు తింటాయి. అంత మాత్రం తరుగు ఏ గోదాములోనైనా ఉంటుంది, ఎవరూ అడగరు. ఆయన నా పెన్ను తీసుకుని మూత తీశాడు. చెదలు తినలేదు గదప్పా, ఎద్దులు తినె అన్నాడు. చివరికి రాయనూ లేదు, రాయననీ అనలేదు. నా పెన్ను మూత పెట్టి తిరిగి ఇచ్చేశాడు.

అయినా అది అట్లాగే సద్దుమణిగి ఉండేది. ఎమ్మార్వో బదిలీ అయ్యాడు, కొత్తాయన ఇంకా రాలేదు, గోదాముకు తాళం పడింది. గడ్డి సంగతి గడ్డికే తెలియాలి. అంతలో వేరుశనగ పంట వచ్చింది. పంటతోపాటు బండ్లు వచ్చాయి.

మొదటి బండి వచ్చిన రోజు నేను కిటికీలోంచి చూశాను. ఒక రైతు కట్టె తోలుకొచ్చి ఆఫీసు వెనక ఖాళీ జాగాలో దించి, దులుపుకుని, మమ్మల్నెవర్నీ పలకరించకుండా వెళ్ళిపోయాడు. తర్వాత ఇంకొకడు. తర్వాత వరసగా. డిపో మూసేశారు కదా, మరి ఎక్కడ వేయాలని వాళ్ళలో వాళ్ళే అనుకుని ఆఫీసు వెనక వేశారు. విడపనకల్లు దగ్గర బంధువుల ఊళ్ళో పంట పండించుకున్న ఒకడు అంత దూరం నుంచి బండి కట్టుకుని వచ్చాడు. వామి ఎంత ఎత్తయిందంటే, మా ఆఫీసు మేడ మీది జెండాకర్ర సగం కనపడేది కాదు. నేను చూస్తూ కూర్చునేవాణ్ణి. నా గొడుగు ఎక్కడుందో అనుకునేవాణ్ణి.

కొత్త ఎమ్మార్వో కోస్తా నుంచి వచ్చాడు. చిన్నవాడు, శ్రద్ధ గలవాడు. ఉద్యోగంలో చేరిన రోజే వెనక్కి వెళ్ళి వామి ముందు నిలబడ్డాడు. నన్నూ వెంట తీసుకెళ్ళాడు. ఒక రైతు అప్పుడే బండి దించుతున్నాడు.

“ఏమిటయ్యా ఇది?”

“కట్టె సార్.”

“ఎవరిది?”

“సర్కారుది సార్.”

“సర్కారు ఎప్పుడు కొన్నది?”

“కొనలేదు సార్. ఎండాకాలం గడ్డి ఎత్తుకుంటిమి. తిరిగిస్తాండాం.”

ఎవరిచ్చారు నీకు గడ్డి అని ఆయన అడిగాడు. రైతు తలపాగా సర్దుకుని, పెళ్ళిపత్రికలో పెద్దల పేరు చదివినట్టు, గడ్డిసారు పేరు చెప్పాడు. అంత మర్యాదగా నేరం మోపడం నేను మళ్ళీ వినలేదు.

ఇది ఈ జనం తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు. కుళ్ళిపోయిందని రాస్తే పోయే గడ్డిని, వాళ్ళు తిరిగి తెచ్చి, అప్పుగా ఇచ్చాడని బండ్లతో రుజువు చేశారు. సాక్ష్యాన్ని ఇంత నిజాయితీగా, ఇంత ఎత్తుగా, ఆఫీసు ఆవరణలోనే పేర్చిపెట్టిన ముద్దాయి పక్షం వేరే ఉండదు. ఇక తేవద్దు, మీ సారుకే ప్రమాదం అని నేను చెబితే ఒకాయన కోపంగా చూశాడు. బాకీ ఉంచుకునే కొంప కాదు సార్ మాది అన్నాడు. నేనేదో ఎగ్గొట్టమని నేర్పుతున్నట్టు.

పైగా ఆ కట్టెను జమ కట్టుకునే దారి కూడా లేదు. పోయింది వరిగడ్డి, వచ్చింది వేరుశనగ కట్టె. సర్కారు లెక్కలో ఒకటి తక్కువ, ఇంకొకటి లేనేలేదు. కొత్త ఎమ్మార్వో రెండు రోజులు అన్నం సరిగా తినలేదని అటెండరు చెప్పాడు. మూడో రోజు పోలీసులకు రాశాడు. రాయకపోతే తనూ ఆ సెక్షను కిందికి వస్తాడు మరి. ప్రభుత్వోద్యోగి, ప్రభుత్వ సొత్తు, నేరపూరిత నమ్మకద్రోహం.

విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టరు ముందు ఆర్డరు తీసి చదివాడు. డిపో బాధ్యుడు నేను. తాళంచెవి ఇంకొకరికి ఇచ్చినట్టు ఎక్కడా రాసి లేదు. ఆయన నన్ను జీపు ఎక్కించుకుని ఊళ్ళలోకి తీసుకుపోయాడు. ఒక రచ్చబండ దగ్గర జనాన్ని కూర్చోబెట్టి, నన్ను చూపించి, మీకు గడ్డి ఇచ్చింది ఈయనేనా అని అడిగాడు.

జనం నన్ను తేరిపార చూశారు. అందులో సగంమంది నా టేబులు ముందు నుంచి వేపచెట్టు కిందికి పోయినవాళ్ళే.

“ఈయప్ప ఎవురో మాకు తెల్దు సార్” అన్నారు.

నన్ను కాపాడిన మాట అదే. నా తరపున అంతమంది ఒక్క గొంతుతో మాట్లాడటం కూడా అదే మొదలు, అదే చివర. తిరుగుప్రయాణంలో ఇన్‌స్పెక్టరు నాకు సిగరెట్టు ఇవ్వబోయాడు. నాకు అలవాటు లేదన్నాను. నిజానికి ఉంది.

కేసు కోర్టులో పిలుపుకు వచ్చేసరికి మధ్యలో ఇంకో కరువు వచ్చి పోయింది. అంతకాలమూ గడ్డిసారు సస్పెన్షన్‌లో ఇంట్లోనే ఉన్నాడు. ఆఫీసుకన్నా ఆయన ఇంటి అరుగు మీదే రద్దీగా ఉండేదని నా భార్య చెప్పేది. నేను ప్రాసిక్యూషన్ సాక్షిని. తాళంచెవి ఆయన చేతికి ఇచ్చానని చెప్పడమే నా సాక్ష్యం. అప్పగింత రుజువు కావాలి కదా.

ఆ రోజు పొద్దున కోర్టు ఆవరణలో నేను నోటీసు బోర్డు చదువుతూ నిలబడ్డాను. చదవడానికి అందులో ఏమీ లేదు. కొంచెం దూరంలో ఆయన లాయరు ఆయనకు చెబుతున్నాడు, తగ్గించి చెప్పాల్సిన మాటే అయినా గొంతు తగ్గించకుండా. ఆర్డరు మీ పేరున లేదు. తాళంచెవి మీకిచ్చారనడానికి ఆ పెద్దమనిషి మాట తప్ప ఆధారం లేదు. పాత ఎమ్మార్వోను పిలిస్తే, తనకేమీ గుర్తులేదంటాడు. నాకెవరూ ఏదీ అప్పగించలేదు అని ఒక్కమాట అనండి, ఊళ్ళవాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. ఇవాళే ఇంటికి పోతారు. మరి ఆయన సంగతి అని గడ్డిసారు అడిగాడు. అది ఆయన లాయరు చూసుకుంటాడు అన్నాడు ఈయన.

నాకు లాయరు లేడు. నేనే లాయరును.

గడ్డిసారు నా దగ్గరికి వచ్చాడు. జేబులోంచి పరక తీసి, కోర్టు అని గుర్తొచ్చి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

“ఏమప్పా, నువ్వియ్యలేదని చెప్పాలంట” అన్నాడు.

“చెబుతావా?” అన్నాను.

“ఇచ్చినావు గదా.”

ఆవరణ అంతా ఊళ్ళవాళ్ళు. బండ్లు కట్టుకుని, టమేటా లారీలెక్కి వచ్చారు. ఆయన వాళ్ళవైపు ఒకసారి చూశాడు.

“ఎవురూ ఇయ్యలేదంటే నేనేందో దొంగమాదిరి దూరినట్లయితాది. నువ్వు నమ్మి ఇచ్చినావు, నేను తీసుకుంటి. ఈళ్ళకు నేను నమ్మి ఇస్తి, తెచ్చిపెట్టిరి. ఇందులో లేదనేది యాడుండాదప్పా.”

నేను నమ్మి ఇవ్వలేదు. భయపడి ఇచ్చాను. ఆ తేడా ఆయనకు తెలుసో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. చెప్పడానికి అప్పుడు వ్యవధి లేదు, బిళ్ళ బంట్రోతు పిలిచాడు.

నేను బోనెక్కి ఇచ్చానన్నాను. ఆయన బోనెక్కి తీసుకున్నానన్నాడు. లాయరు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. గడ్డి ఏమైందో చెప్పగలరా అని మేజిస్ట్రేటు అడిగాడు.

“ఎద్దులు తినె సార్” అన్నాడు గడ్డిసారు. “అవి బతికే ఉండాయి. చూడాలంటే బయట బండ్లకు కట్టిండారు.”

కోర్టు నవ్వింది. మేజిస్ట్రేటు నవ్వలేదు, కాసేపు కిటికీ వైపు చూశాడు. తీర్పు చదివే రోజు కూడా ఆయన కిటికీ వైపు చూసే చదివాడు. ముద్దాయి తన సొంతానికి ఒక్క పరక వాడుకోలేదన్నది వాస్తవమే. (అక్కడ నాకు నవ్వొచ్చింది. పరకల విషయంలో తీర్పు కచ్చితంగా లేదు.) అయినప్పటికీ తనకు అప్పగించిన ప్రభుత్వ సొత్తును ఆదేశాలకు విరుద్ధంగా ఇతరులకిచ్చాడు, తిరిగి రప్పించాలన్న ఉద్దేశం నేరాన్ని చెరిపివేయదు. కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవాలి, జరిమానా కట్టాలి. జరిమానా ఎవరు కట్టారో నాకు తెలియదు. ఆయనకూ తెలియదు.

కూర్చోవడానికి బంట్రోతు బెంచీ కాక కుర్చీ తెచ్చి వేశాడు. ఆ శిక్షలో ఆయనకు తోడుగా హాలు నిండా జనం కూర్చున్నారు. మధ్యాహ్నం ఎవరో సజ్జరొట్టెలు తెచ్చారు. కోర్టు లేచినప్పుడు వాళ్ళూ లేచారు. శిక్ష పడినవాడు ముందు, వెనక ఊళ్ళు. నేను నిర్దోషిని, గోడ పక్కన దారి ఇచ్చి నిలబడ్డాను.

ఉద్యోగం పోయింది. శిక్ష పడిన ఉద్యోగిని ఉంచుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఆ నిబంధన నంబరు కొత్త ఎమ్మార్వోకు చెప్పింది నేనే, అడిగితే చెప్పాను. గడ్డిసారు తన భార్య పుట్టింటి ఊరికి వెళ్ళిపోయి ఎవరివో ఎద్దులు చూసుకునేవాడని విన్నాను. ఆయనకు రావలసిన ప్రమోషను నాకొచ్చింది. మూల టేబులు కూడా అడిగి తీసుకున్నాను. అక్కడ మోకాళ్ళకు బోలెడు చోటు ఉంది.

మళ్ళీ వానలు ఎగ్గొట్టాయి. మళ్ళీ డిపో తెరిచారు. ఆర్డరు మళ్ళీ నా పేరుతోనే వచ్చింది. ఈసారి నడుంనొప్పి రాలేదు. ఎందుకు రాలేదో ఇంట్లో ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. గోదాము గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. డబ్బున్నవాళ్ళు వచ్చారు, కొన్నారు, పోయారు. డబ్బు లేనివాళ్ళు రాలేదు. ఎద్దుల్ని అమ్ముకోవడానికి సంతకు పోతూ గోదాము ముందు నుంచే పోయేవాళ్ళు, దారి అదే.

ఒక మధ్యాహ్నం వాళ్ళలో ఒకడు ఆగాడు. జత ఎద్దులు. పక్కటెముకలు కొట్టొచ్చినట్టు కనపడుతున్నాయి. అతను నీడలోకి వచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, గోదాములోకి చూశాడు. గడ్డి దూలాల దాకా ఉంది.

“ఏమప్పా, ఏం కావాల?” అన్నాను, అతని యాసలోనే.

“ఏం లేదు సార్. ఎద్దులకు నీళ్ళు తాపిద్దామని.”

తొట్టి నిండా నీళ్ళున్నాయి. ఎద్దులు వాటి వైపు చూడలేదు. రెండూ తలుపు వైపే మెడలు చాచాయి. దుడ్లు తర్వాత ఇద్దువులే అనే మాట నా నాలుక మీదనే ఉంది. అతను అడగాలి, అంతే. అడగకుండా చెబితే అదేం మాట అవుతుంది. నేను కుర్చీలో కొంచెం ముందుకు కూడా జరిగాను. అతను నా మొహం చూశాడు. మా సీనియరు గదిలో కాగితాలు సంచిలో పెట్టుకున్నవాళ్ళు ఎట్లా చూసేవాళ్ళో అట్లాగే చూసి, పగ్గం లాగాడు. పెద్ద ఎద్దు కదలనని మొరాయించింది. తోక మెలిపెట్టి తోలుకున్నాడు.

“వస్తా సార్. సంత ఎత్తిపోతాది” అన్నాడు.

ఆ ఏడు నా డిపోలో ఒక్క పరక తేడా రాలేదు. పైనుంచి మెచ్చుకుంటూ కాగితం వచ్చింది. అతను నోరు తెరిచి అడిగి ఉంటే నేనేం చేసేవాణ్ణో నాకు తెలియదు. అది తెలుసుకునే భాగ్యం గడ్డిసారుకు ప్రతి పూటా దక్కింది.